ల్యుకేమియా తగ్గాక మరో రక్త క్యాన్సర్: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లకు పాత ఫైలు ఎందుకు ముఖ్యం

ల్యుకేమియాకు చికిత్స పూర్తయింది. రిపోర్టులన్నీ బాగున్నాయని డాక్టర్ చెప్పి ఇంటికి పంపారు. నాలుగైదేళ్లు గడిచాక మళ్ళీ నీరసం, విడవని జ్వరం, రక్తం తక్కువ. ఇంట్లో అందరి నోటా వచ్చే మాట ఒకటే, పాత రోగం తిరగబెట్టిందని. చాలాసార్లు అది నిజమే. కొందరిలో మాత్రం పాత రోగానికి సంబంధం లేకుండా, లేదా పాత రోగానికి వాడిన మందుల వల్లే, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జలో మరో రక్త క్యాన్సర్ మొదలై ఉంటుంది. ఇది అరుదు. కానీ వచ్చినవాళ్లలో సమయానికి గుర్తుపట్టడం చాలా కష్టమవుతోంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం లాంటి చోట్ల ఉండే తెలుగు కుటుంబాలకు ఆ కష్టం ఇంకా ఎక్కువ. వీళ్ల చికిత్స సగం ఒక రాష్ట్రంలో, సగం ఇంకో రాష్ట్రంలో జరుగుతుంది. కాగితాలు రెండు చోట్లా చెల్లాచెదురుగా పడి ఉంటాయి.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. ‘మళ్ళీ వచ్చింది’ అని మనం ఒకే మాటగా అనేదాని వెనక వేర్వేరు సంగతులు ఉంటాయి. చికిత్సలో చావకుండా మిగిలిన పాత కణాలు మళ్ళీ పెరగడం ఒకటి. డాక్టర్లు రిలాప్స్ అనేది దీన్నే. ఇంకోటి, పాత క్యాన్సర్ కణమే కొత్త మార్పులు కూడబెట్టుకుని మరింత మొండి రోగంగా మారడం. ఇవి రెండూ కాకుండా, పాత రోగంతో చుట్టరికమే లేని వేరే కణం నుంచి కొత్త క్యాన్సర్ పుట్టడం కూడా ఉంది. పైకి కనిపించే లక్షణాలు అన్నిటికీ ఇంచుమించు ఒకటే. మందులు మాత్రం ఒకటి కాదు. చిన్నప్పుడు లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా (ఏఎల్ఎల్) వచ్చి తగ్గిన పిల్లాడికి ఇప్పుడు వచ్చింది వేరే రకం కణాల నుంచి పుట్టే మైలాయిడ్ ల్యుకేమియా (ఏఎంఎల్) అయితే, పాత మందులే మళ్ళీ మొదలుపెట్టడం వల్ల ఉపయోగం లేదు. అందుకే మజ్జ పరీక్ష, కణాల రకాన్ని గుర్తించే ఫ్లో సైటోమెట్రీ, క్రోమోజోముల పరీక్ష మళ్ళీ చేయాల్సి వస్తుంది. ‘ఒకసారి చేశాం కదా, మళ్ళీ ఎందుకీ ఖర్చు’ అని కుటుంబం అడగడం సహజం. కానీ ఈ పరీక్ష మానేస్తే తర్వాత పెట్టే ఖర్చంతా గుడ్డిగా పెట్టినట్టే.

మందుల వల్ల వచ్చే రెండో క్యాన్సర్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. భయాలన్నీ ఇక్కడే పుడతాయి. కీమోథెరపీ మందుల్లో చాలావరకు కణంలోని డీఎన్ఏని దెబ్బతీసే పని చేస్తాయి. క్యాన్సర్ కణం చచ్చేది అందువల్లే. ఆ దెబ్బ పక్కనున్న మంచి మజ్జ కణాలకూ కొంత తగులుతుంది. వాటిలో ఎక్కువ భాగం బాగుపడతాయి, లేదా చనిపోతాయి. ఏ ఒక్కటో చెడిపోయి కూడా బతికి, పెరుగుతుంది. ఇందులో రెండు వర్గాల మందుల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. సైక్లోఫాస్ఫమైడ్, మెల్ఫలాన్, క్లోరాంబ్యుసిల్ లాంటి ఆల్కైలేటింగ్ మందుల తర్వాత వచ్చే రోగం సాధారణంగా అయిదు నుంచి పదేళ్ల మధ్య బయటపడుతుంది. ముందు మజ్జ సరిగ్గా పనిచేయని దశ (ఎండీఎస్) కనిపిస్తుంది. రక్తకణాలు మెల్లగా తగ్గుతూ పోతాయి, ఆ తర్వాతే ల్యుకేమియాగా మారుతుంది. పరీక్షలో 5వ, 7వ క్రోమోజోముల్లో ముక్కలు పోయినట్టు తరచుగా తేలుతుంది. ఎటోపొసైడ్, డాక్సోరుబిసిన్, మైటోజాంట్రోన్ లాంటి మందుల వరస వేరు. అక్కడ వ్యవధి ఒకటి నుంచి మూడేళ్లే. మధ్యలో నెమ్మది దశ ఉండదు, నేరుగా తీవ్రమైన ల్యుకేమియాగా వస్తుంది. కేఎంటీ2ఏ అనే జన్యువు విరిగి వేరే చోట అతుక్కోవడం ఇక్కడ కనిపించే గుర్తు.

మందు ఎంత ఇచ్చారన్నదే కాదు, ఎన్ని రోజులకోసారి ఇచ్చారన్నది కూడా లెక్కలోకి వస్తుందని తేలింది ఏఎల్ఎల్ పిల్లల్లోనే. అమెరికాలో 1991లో వచ్చిన ఒక ముఖ్యమైన అధ్యయనంలో, ఎటోపొసైడ్ రకం మందుల్ని వారానికి ఒకటి రెండుసార్లు చొప్పున పొందిన పిల్లల్లో నూటికి పన్నెండు మంది దాకా ఏఎంఎల్ ముప్పు కనిపించింది. అదే మందు వేరే పద్ధతిలో పొందిన పిల్లల్లో ఆ ముప్పు చాలా తక్కువ. ఆ తర్వాత పిల్లల చికిత్సలో ఈ మందుల వాడకం బాగా తగ్గించేశారు. ఇవాళ ఏఎల్ఎల్ పిల్లలకు ఇచ్చే మామూలు చికిత్సలో రెండో రక్త క్యాన్సర్ ముప్పు చాలా తక్కువగా ఉండటానికి ఆనాటి పిల్లల అనుభవమే కారణం. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

నేరమంతా మందుదేనా అంటే కాదు. 2015లో వెలువడ్డ ఒక పరిశోధన ఈ కథను మార్చేసింది. చికిత్స వల్ల వచ్చిందనుకున్న ఏఎంఎల్ కణాల్లో ఉన్న టీపీ53 అనే జన్యువు మార్పు, కొందరిలో కీమో మొదలుకాక ముందు దాచిన నమూనాల్లోనే దొరికింది. అంటే ఆ చెడు కణం ముందే ఉంది, చాలా కొద్దిగా. పొలంలో కలుపు మందు కొట్టాక మామూలు గడ్డి చచ్చి, మందుకు లొంగని రకం ఒక్కటే మిగిలి చేను ఆక్రమించినట్టు, కీమో మంచి కణాల్ని తగ్గించినప్పుడు ఈ మొండి కణానికి జాగా దొరికింది. వయసు మీద పడేకొద్దీ ఇలాంటి చిన్న చిన్న మార్పులున్న కణాల గుంపులు మజ్జలో చేరడం మామూలే. డెబ్భై దాటినవాళ్లలో పదిమందిలో ఒకరికైనా ఇవి ఉంటాయని అంచనా. అరవై ఏళ్ల మనిషికీ ఆరేళ్ల పిల్లకీ ఒకే మందు ఇచ్చినా ముప్పు ఒకటిగా ఉండకపోవడానికి ఇదొక కారణం.

ఇంత చదివాక ‘అయితే కీమో వద్దు’ అనుకునేవాళ్లు ఉంటారు. అలా అనుకుంటే ప్రాణం పోతుంది. తీవ్రమైన ల్యుకేమియాను వదిలేస్తే మనిషి బతికేది వారాలు, నెలలే. పూర్తి చికిత్స సక్రమంగా అందే చోట పిల్లల ఏఎల్ఎల్ నూటికి ఎనభై మందికి పైగా నయమవుతుంది. రెండో క్యాన్సర్ ముప్పు ఎప్పుడో, కొద్దిమందికి. మొదటి క్యాన్సర్ ముప్పు ఇప్పుడు, ఎదురుగా. చికిత్స మధ్యలో మానేసి ఆకు పసర్ల వైపు వెళ్లడానికి ఈ వ్యాసం ఎవరికీ సాకు కాకూడదు.

పెద్దవాళ్లలో వచ్చే క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా (సీఎల్ఎల్) కథ వేరు. ఇది మెల్లగా నడిచే రోగం. కొందరికి ఏళ్ల తరబడి మందే అక్కర్లేదు, తెల్ల కణాల లెక్క చూసుకుంటూ ఉంటే చాలు. కానీ వంద మందిలో ఇద్దరి నుంచి పది మంది వరకు, ఏదో ఒక దశలో అది వేగంగా పెరిగే లింఫోమాగా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌గా) మారుతుంది. 1928లో దీన్ని మొదట వివరించిన అమెరికన్ పాథాలజిస్టు మారిస్ రిక్టర్ పేరు మీదే రిక్టర్ మార్పు అంటున్నారు. ఇది తెలిసిపోయే తీరు ఒకటుంది. మెడలోనో చంకలోనో ఎన్నాళ్ల నుంచో ఉన్న చిన్న గడ్డల్లో ఒక్కటి మాత్రం కొన్ని వారాల్లోనే నిమ్మకాయంత అవుతుంది. కారణం దొరకని జ్వరం, రాత్రి చెమటకు పక్క తడవడం, బరువు తగ్గడం తోడవుతాయి. రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ ఒక్కసారిగా పెరుగుతుంది. విచిత్రమేమిటంటే అదే సమయంలో తెల్ల కణాల లెక్క పెద్దగా మారకపోవచ్చు. దాంతో ‘రిపోర్టు బాగానే ఉంది’ అని ఊరుకునే ప్రమాదం ఉంది. సీఎల్ఎల్ ఉన్న మనిషి రిపోర్టు కన్నా గడ్డను ఎక్కువ నమ్మాలి. పెట్ స్కాన్ చేసి, అందులో అన్నిటికన్నా ఎక్కువగా వెలిగిన గడ్డ నుంచే ముక్క తీసి పరీక్షించాలి. సూదితో లాగిన కొన్ని కణాలు చాలకపోవచ్చు.

ఈ రిక్టర్ లింఫోమాల్లో దాదాపు అయిదింట నాలుగు పాత సీఎల్ఎల్ కణం నుంచి పుట్టినవే. మిగిలిన ఒక వంతు మాత్రం పూర్తిగా కొత్త లింఫోమా. మొదటి రకంలో ఫలితాలు బాగుండవు, చాలామంది ఏడాది దాటడమే కష్టం. రెండో రకం మామూలు లింఫోమాలాగే మందుకు లొంగుతుంది. వీటిని విడదీసే పరీక్షకు పాత సీఎల్ఎల్ నమూనా గానీ, అప్పటి జన్యు రిపోర్టు గానీ ఉంటే పని సులువు. సీఎల్ఎల్‌కు కొన్నేళ్ల క్రితం దాకా ఎక్కువగా వాడిన ఫ్లుడరబిన్, సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్ కలయిక తీసుకున్నవారిలో సుమారు 5 శాతం మందికి తర్వాత ఎండీఎస్ లేదా ఏఎంఎల్ వచ్చినట్టు దీర్ఘకాల పరిశీలనల్లో కనిపించింది. ఇప్పుడు మాత్రల చికిత్స వైపు మొగ్గు పెరగడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా (సీఎంఎల్) గురించి కొద్దిగా చెబితే చాలు. 2001లో ఇమాటినిబ్ మాత్ర రాకముందు, మొదటి రెండేళ్లు దాటిన రోగుల్లో ఏటా నూటికి ఇరవై మందికి పైగా రోగం ముదిరి బ్లాస్ట్ క్రైసిస్ అనే తీవ్ర దశ‌లోకి వెళ్లేవారు. ఇప్పుడది ఏటా ఒకటి, ఒకటిన్నర శాతం. ఈ దశలో మూడింట ఒక వంతు మందిలో అది లింఫాయిడ్ రూపంలో, అంటే ఏఎల్ఎల్‌లా వస్తుంది, కొత్త ల్యుకేమియా అనిపించేది అందుకే. నిజానికి అది పాత రోగమే. ఇక్కడ నివారణ మన చేతుల్లోనే ఉంది. మాత్ర ఒక్కపూట కూడా మానకూడదు, జన్యు పరీక్ష సమయానికి చేయించుకోవాలి. ఒంట్లో బాగుందని మాత్ర ఆపేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

కొత్త చికిత్సలకూ ఈ ప్రశ్న తప్పడం లేదు. రోగి సొంత టీ కణాలను (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల కణాలను) మార్చి ఎక్కించే కార్-టీ చికిత్స తర్వాత, అతి కొద్దిమందిలో టీ కణాల క్యాన్సర్ కనిపించడంతో, 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందులపై హెచ్చరిక ముద్రించమంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన మన దేశపు కార్-టీకి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. లాభం ముందు ఈ ముప్పు చాలా చిన్నదనే నిపుణుల మాట. అయినా ఈ చికిత్స తీసుకున్నవారు జీవితాంతం పరీక్షలు చేయించుకుంటూ ఉండాల్సిందే.

ఇక సరిహద్దు జిల్లాల సంగతి. కొరాపుట్, రాయగడ, మల్కనగిరి ప్రాంతంలో రక్తం తక్కువ ఉండటం ఒక వార్తే కాదు. తిండిలో ఇనుము తక్కువ, మలేరియా ఎక్కువ, వంశపారంపర్య రక్తలోపమైన సికిల్ సెల్ ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. దాంతో హిమోగ్లోబిన్ 8 అని రాగానే అలవాటైన కారణాలే ముందు గుర్తొస్తాయి. ఐరన్ మాత్రలు రాస్తారు, మలేరియా కార్డు టెస్టు చేస్తారు, అవసరమైతే ఒక సీసా రక్తం ఎక్కిస్తారు. ఎవరినీ తప్పుపట్టలేం, పదిమందిలో తొమ్మిది మందికి అదే సరైన వైద్యం. పదో మనిషి ఒకప్పుడు ల్యుకేమియా చికిత్స పొందాడన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియకపోవడమే అసలు లోపం.

ఆ పదో మనిషి సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) కాగితం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఉదాహరణకు హిమోగ్లోబిన్ 8.6, తెల్ల కణాలు 2,800, ప్లేట్‌లెట్లు 90 వేలు. మూడూ తగ్గాయి. వీటి కింద చాలామంది చదవకుండా వదిలేసే వరుస ఎం.సి.వి., అంటే ఎర్ర కణం సగటు పరిమాణం. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి. ఇక్కడ 108 ఉందనుకోండి. ఐరన్ తక్కువైతే ఎర్ర కణం చిన్నదవుతుంది, పెద్దదవదు. మలేరియాలో ప్లేట్‌లెట్లు పడిపోయినా, మందు పడ్డాక వారం పది రోజుల్లో కోలుకుంటాయి. మూడు రకాల కణాలూ తగ్గి, ఎర్ర కణం పెద్దదైందంటే మన దేశంలో మొదట అనుమానించాల్సింది బీ12 లోపం. అది పరీక్షించి, ఉంటే మందు ఇచ్చి, కొన్ని వారాల్లో మళ్ళీ సీబీసీ చూడాలి. బీ12 సరిపడా ఉన్నా, ఇచ్చాక కూడా అంకెలు లేవకపోయినా, పాత కీమో చరిత్ర ఉన్న మనిషికి మజ్జ పరీక్ష ఆలస్యం చేయకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏఎల్ఎల్ పిల్లలు మెయింటెనెన్స్‌లో మింగే 6-ఎంపీ, మెథోట్రెక్సేట్ మాత్రల వల్లా, సికిల్ సెల్ వాళ్లు వాడే హైడ్రాక్సీయూరియా వల్లా ఎం.సి.వి. పెరుగుతుంది. మాత్రలు వాడుతున్నన్నాళ్లూ అది కంగారు పడాల్సిన విషయం కాదు. మాత్రలు ఆపి చాలా నెలలైనా అలాగే ఉంటేనే ఆలోచించాలి.

హైడ్రాక్సీయూరియా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అది ల్యుకేమియాకూ వాడే మందు కనుక సికిల్ సెల్ పిల్లలకు ఇస్తే క్యాన్సర్ వస్తుందేమోనన్న టెన్షన్ తల్లిదండ్రుల్లో ఉంటుంది. సికిల్ సెల్ రోగుల్లో ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో ఈ మందు వల్ల ల్యుకేమియా పెరిగినట్టు తేలలేదు. నొప్పులు తగ్గించి, ఆయుష్షు పెంచే మందు అది. ఆ భయంతో ఆపేయడం నష్టం.

ఒక్క సీబీసీ చెప్పేదానికన్నా వరుసగా నాలుగు సీబీసీలు పక్కపక్కన పెడితే తెలిసేది ఎక్కువ. పోయినేడు ప్లేట్‌లెట్లు రెండు లక్షల పదివేలు, ఆర్నెల్ల కింద లక్షన్నర, ఇప్పుడు తొంభై వేలు అంటే, ఏ ఒక్క అంకె చూసినా రాని అనుమానం ఆ వరుస చూస్తే వస్తుంది. అది చూడాలంటే పాత కాగితాలు ఉండాలి.

రాయగడ నుంచి విజయనగరం మీదుగా విశాఖకు రైలుంది. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లకు నౌపడ మీదుగా దారి. కాబట్టి చాలామంది తెలుగు కుటుంబాలకు అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గానీ, విశాఖలోని వేరే ఆసుపత్రులు గానీ దగ్గర, భాషా కలుస్తుంది. బరంపురం వాళ్లకు ఊళ్లోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, పెద్ద చికిత్సకు కటక్ ఆచార్య హరిహర్ ఆసుపత్రికో భువనేశ్వర్ ఎయిమ్స్‌కో వెళ్తారు. డబ్బు లెక్క మాత్రం దారిని బట్టి నడవదు. ఆంధ్రప్రదేశ్ వైద్య సేవ పథకం ఆ రాష్ట్ర కుటుంబాలకే. ఒడిశా కుటుంబాల కార్డు 2025 నుంచి ఆయుష్మాన్ భారత్‌తో కలిసిన గోపబంధు జన ఆరోగ్య యోజన. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా చెల్లుతుంది, అయితే వెళ్లే ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉండాలి. అందుకే మొదటి కీమో విశాఖలో చేయించుకున్న మనిషి, డబ్బు అయిపోయాక మిగిలిన చికిత్స కటక్‌లో చేయించుకోవడం జరుగుతుంది. ఒకచోట రాసిన మోతాదు రెండో చోట తెలియదు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో, చీటీ మీద రాత ఒడియాలో, ఇంట్లో చదివేది తెలుగు.

దీనికి తోడు చట్టం వైపు నుంచి ఒక ఖాళీ ఉంది. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరినవారి రికార్డులను చికిత్స మొదలైనప్పటి నుంచి మూడేళ్లు దాచాలి. రోగి అడిగితే 72 గంటల్లోగా ప్రతులు ఇవ్వాలి. పెద్ద ఆసుపత్రులు ఇంకా ఎక్కువ కాలం దాచొచ్చు, చిన్నవాటి గురించి అలా అనుకోలేం. ఆల్కైలేటింగ్ మందుల తర్వాత రెండో రోగం బయటపడేదేమో అయిదు నుంచి పదేళ్లకు. అంటే ఆ కాగితం అవసరం పడే రోజుకి దాన్ని దాచాల్సిన బాధ్యత ఆసుపత్రికి ఉండకపోవచ్చు. ఆ బాధ్యత ఇంటిమీదే పడుతుంది. ఇది న్యాయం కాదు. క్యాన్సర్ చికిత్స రికార్డులకు వేరే గడువు ఉండాలని గట్టిగా అడగాల్సిన విషయం ఇది.

మేనరికాల సంగతీ ప్రస్తావించక తప్పదు. పిల్లలకు కీమో ఇచ్చాక రక్తకణాలు ఎంతకీ కోలుకోకపోయినా, ఒంటి మీద లేత కాఫీ రంగు మచ్చలు, బొటనవేలి లోపం, పొట్టిదనం ఉన్నా ఫాంకోని అనీమియా అనే పుట్టుకతో వచ్చే లోపాన్ని అనుమానిస్తారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడు జన్యువు వస్తేనే ఎక్కువగా ఇది బయటపడుతుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్లైన ఇళ్లలో ఆ అవకాశం ఎక్కువ. ఇలాంటి పిల్లలకు మామూలు మోతాదు కీమో ప్రమాదం, పైగా ఒకదాని తర్వాత ఇంకో క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంటుంది. కుటుంబంలో ఎవరు ఎవరికి ఏమవుతారో డాక్టర్ అడిగినప్పుడు సిగ్గుపడి దాచొద్దు. మజ్జ మార్పిడికి తోబుట్టువును ఎంచేటప్పుడు కూడా ఆ బిడ్డకు ఇదే లోపం లేదని ముందు తేల్చుకోవాలి.

రెండో రక్త క్యాన్సర్ అని తేలితే వైద్యం సులువు కాదు, ఆ నిజం దాచి ప్రయోజనం లేదు. టీపీ53 మార్పు గానీ, 5, 7 క్రోమోజోముల లోపం గానీ ఉంటే మందులకు లొంగడం తక్కువ. వయసు మీద పడినవాళ్లకు అజాసిటిడిన్, వెనెటోక్లాక్స్ కలిపి ఇస్తున్నారు. ఒంట్లో శక్తి ఉన్నవాళ్లకు పూర్తిగా నయమయ్యే దారి చాలావరకు మజ్జ మార్పిడే. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరి మజ్జ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. సగం సరిపోయిన తల్లి, తండ్రి, పిల్లల నుంచి కూడా ఇప్పుడు మార్పిడి చేస్తున్నారు. గుండె మీద ప్రభావం చూపే డాక్సోరుబిసిన్ లాంటి మందులకు జీవితకాల పరిమితి ఉంటుంది. ఇంతకుముందు ఎంత ఎక్కిందో తెలియకపోతే ఇప్పుడు ఎంత ఇవ్వొచ్చో డాక్టర్ తేల్చలేరు.

కాబట్టి చికిత్స ముగిసిన రోజునే ఆసుపత్రిలో ఒక పేజీ సారాంశం రాయించుకోవాలి. రోగం పూర్తి పేరు, మొదట చేసిన క్రోమోజోముల ఫలితం, ప్రతి మందు పేరు, దాని మొత్తం మోతాదు, మొదటి చివరి తేదీలు, రేడియేషన్ ఇస్తే ఎక్కడ ఎంత, చివరి సీబీసీ అందులో ఉండాలి. దాన్ని ఫోనులో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి దగ్గరైనా ఉంచాలి. ఆ అవకాశం దాటిపోయి, ఆసుపత్రిలో ఇప్పుడు రికార్డు దొరకనివాళ్లు పాత మందుల బిల్లులు పారేయకండి. బిల్లు మీద మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాముల సీసా, ఎన్ని సీసాలు, ఏ తేదీ అన్నీ ఉంటాయి. కీమో రోజున ఇచ్చిన చీటీలు, పథకం కింద చికిత్స జరిగితే దానికిచ్చిన కాగితాలు కూడా అంతే పనికొస్తాయి. వాటిని తేదీల వారీగా పేర్చి తీసుకెళ్తే, ఒక హెమటాలజిస్టు (రక్త రోగాల డాక్టర్) కూర్చుని మొత్తం మోతాదును ఇంచుమించుగా లెక్కగట్టగలరు.